తూకానికి రానివి

నేను తూచి బతికినవాణ్ణి.
వాల్మియెరా సంతలో నలభై ఏళ్లు
నా తక్కెడ ముందు జూన్ నెల వరుసలో నిలబడింది.
నల్ల ప్లాస్టిక్ పరచిన మళ్లలో నా స్ట్రాబెర్రీలు,
ఒక్కోటీ కోడిగుడ్డంత.
బుట్టకి ధడా కట్టి
పైన మొగ్గుకి ఒక పండు వేస్తే
ఎవరూ నోరెత్తేవారు కాదు.

పక్కింట్లోకి విజ్మా వచ్చింది,
రీగాలో ట్రామ్ నడిపి రిటైరైన మనిషి.
రైళ్లు మానేసిన పాత కట్ట మీద నుంచి
టిఫిన్ డబ్బాలో, నాచుతో సహా,
మూడు మొక్కలు తెచ్చి ఆపిల్ చెట్టు నీడన నాటింది.
రాలిన ఆకులు చివికిన మట్టి
పిల్లలకి దుప్పటి కప్పినట్టు కప్పింది.
అడవి స్ట్రాబెర్రీ.
కంచె మీద నుంచి వంగి చూసి నవ్వాను:
"చొక్కా గుండీ అంత పండు,
కిలో కావాలంటే ఊరంతా నడుం వంచాలి,
పొద్దున కోస్తే సాయంత్రానికి నీరుగారిపోతుంది,
దీనికి పాదు కూడానా?"
ఆమె చేతులు దులుపుకుని
"అమ్మడానికి కాదుగా" అంది. అంతే.

మరుసటేడు పిలకలు బయల్దేరాయి.
ఎర్రటి దారాల్లా నేల మీద పాకి,
జానెడుకో ముడి వేసుకుని,
ముడి ముడికీ వేరు దించి,
కంచె కింద నుంచి, అడక్కుండా,
నా మడిలోకి వచ్చాయి.
పీకాను. మళ్లీ వచ్చాయి.
పీకినవి గుట్ట పోస్తే
గుట్టలోనే పూశాయి, సిగ్గులేనివి.

ఆ చలికాలం జ్వరమొచ్చి తగ్గింది,
పోతూ పోతూ నా ముక్కుని పట్టుకుపోయింది.
కాఫీ వేడినీళ్లయింది.
నల్ల రొట్టె అట్టముక్క.
పాలు మాడితే పొగ చూసి పరుగెత్తాను.
ఏప్రిల్‌లో పేడ ఎరువు తిరగేస్తూ
ఏమీ తెలియక
అక్కడే కూలబడి, నిజం చెప్పాలంటే, ఏడ్చాను.
పేడ వాసన కోసం ఏడ్చిన మనిషిని
మీరెక్కడైనా చూశారా?

జూన్. రాత్రి పదిన్నరకీ వెలుగు ఆరని రోజులు.
పిలకలు పీకుదామని కంచె పక్కన మోకాలు ఆనించాను.
కింద ఏదో చితికింది.

వచ్చింది.
ముందు సన్నగా, తలుపు సందులోంచి మాటలా,
తర్వాత పెట్టెలతో సహా దిగిన చుట్టంలా.
చిన్నతనం గుర్తొచ్చిందనుకుంటారు మీరు,
అమ్మో, అడవో, ఎవరో.
ఏమీ గుర్తు రాలేదు.
ఉత్త వాసన. పండుది. అప్పటికప్పటిది.
ప్యాంటు మోకాలు ముక్కు దాకా లాక్కుని
పీల్చాను, కుక్కలా, చాలాసేపు.

ఆకు ఎత్తితే కింద ఇంకా నాలుగు,
తలలు దించుకుని, గింజలు ఒంటిపైకి తేలి.
నా పళ్లనైతే గిల్లాలి, మెలిపెట్టాలి.
ఇవి ముట్టుకోగానే తొడిమె వదిలేసి
వేళ్లలోకి వచ్చేశాయి.

కంచె వెంబడి మూరెడు వెడల్పున
ప్లాస్టిక్ తీసేశాను.
ఏటా పన్నెండు కిలోల నష్టం, లెక్క వేసే చెబుతున్నా.
విజ్మా ఏమీ అనలేదు.
పొడుగాటి గడ్డిపోచ తుంచి
పూసల్లా పళ్లు గుచ్చి
కంచె మీద నుంచి అందించింది.

తినడానికి ఆమెకో పద్ధతుంది.
ఒక్కో పండూ ఒక్కో స్టాపు.
"రొట్టెల ఫ్యాక్టరీ" అంటుంది, ఒకటి నోట్లో వేసుకుంటుంది.
"ఆసుపత్రి, వెనక గేటు."
"వంతెన."
వంతెన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతుంది,
ఎందుకో నేనడగను.
నల్లపిట్ట ఒకటి ఆపిల్ కొమ్మ దిగి
మా కళ్లముందే ఓ పండు కరుచుకుపోతే
"టిక్కెట్టు లేదు దానికి" అని, పోనిస్తుంది.

నిన్న సంతకి బయల్దేరబోతూ
ఒకదాన్ని తక్కెడలో పెట్టాను.
ముల్లు కదల్లేదు.
కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాను.
కదల్లేదు.
తినేశాను.
పళ్లెం మాత్రం
మధ్యాహ్నం దాకా వాసన వేస్తూనే ఉంది.